గాలికి లేచిన రెండు చీటీలు

చార్జి అప్పగింతల లిస్టు పట్టుకొని మూడున్నరకు వస్తానన్న కావ్య ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని ఒకసారి, వస్తే ఈ పీడ ఎటో ఒకవైపు తేలిపోవును కదా అని ఇంకోసారి అనుకుంటూ సుందర్ రావు స్ట్రాంగు రూములో ఇనుప బీరువా ముందు స్టూలు మీద కూర్చున్నాడు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఈ గదికి ఉన్న మర్యాద వీసీ గారి గదికి కూడా లేదు, కిటికీకి రెండు వరుసల ఇనుప చువ్వలు, తలుపుకు రెండు తాళాలు, లోపల సీళ్లు వేసిన సంచులు, మార్కుల రిజిస్టర్లు, బూజు. ఆ రెండు తాళాల్లో ఒకదాని చెవి పంతొమ్మిదేళ్లుగా ఆయన బెల్టుకు వేలాడుతోంది, ప్యాంటు ఆ పక్క ఎప్పుడూ ఒక వేలెడు కిందికి దిగి ఉంటుందని ఇంట్లో భార్య విమల నవ్వుతుంది. ఇవాళ ఐదింటికి అది మహిపాల్ చేతికి పోతుంది. మహిపాల్ కొత్తగా వచ్చిన సీనియర్ అసిస్టెంటు, చురుకైన మనిషి, కానీ పాత కాగితం కంటబడితే ఆయనకు ఒళ్లు మంట, సోమవారమే లారీ పిలిపించి ఈ గది ఊడ్చి పారేయిస్తానని నెల రోజులుగా అంటున్నాడు. ఊడిస్తే ఊడవనీ. సుందర్ రావు ఒళ్లో ఉన్న కాకీ రంగు కవరు మాత్రం ఏ లిస్టులోనూ లేదు, ఎవరూ అడగరు, చింపి సంచిలో వేసుకుపోయి దారిలో ఏ మోరీలో పడేసినా ఈ లోకంలో పురుగుకు కూడా తెలియదు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు అనుకున్న మాటే. పడేయడానికి చేతులు రాలేదు, చెప్పడానికి నోరు రాలేదు, తేలు కుట్టిన దొంగ బతుకు.

కింద హాల్లో కుర్చీలు వేస్తున్నారు, ఈడుస్తున్న చప్పుడు నేలలోంచి కాళ్లకు తెలుస్తోంది. నాలుగున్నరకు ఆయనకే వీడ్కోలు సభ. ముప్పై ఐదేళ్ల కింద ఇదే హాల్లో ఎవరిదో సభకు తనూ ఇలాగే కుర్చీలు వేశాడు, అటెండరుగా చేరిన కొత్త, ఖాకీ నిక్కరు కాదులే ప్యాంటే, అయినా సార్లు వస్తే గోడకు అంటుకుపోయి నిలబడే రోజులు. తర్వాత రికార్డు అసిస్టెంటు, తర్వాత జూనియరు, తర్వాత సీనియరు. ప్రశ్నపత్రాల సంచుల మీద కూర్చొని జీపులో తొర్రూరు దాకా పోయేవాడు, మధ్యలో ఎక్కడా దిగకూడదు, ఒంటికి వచ్చినా బిగబట్టుకోవాల్సిందే, ఎండాకాలం పత్తి కట్టెలు తప్ప చేన్లలో ఏమీ ఉండేది కాదు, అయినా ఆ సంచి మీద కూర్చుంటే తహసీల్దారు పల్లకీలో పోతున్నట్టు ఉండేది. ఎంతమంది పిల్లల చదువు తన తొడల కింద ఉందో అని పొంగిపోయేవాడు. ఆ పొంగు మంచిదే, అబద్ధం కాదు. ఒక్క ప్రశ్నపత్రం బయటికి పోనివ్వలేదు, ఒక్క మెమోలో అక్షరం తప్పు పోనివ్వలేదు, సర్టిఫికెట్ కోసం వచ్చిన పల్లె పిల్లలను రేపు రా మాపు రా అని తిప్పలేదు. కింద ఇప్పుడు మైకు ముందుకు వచ్చేవాళ్లంతా ఇదే చెబుతారు, చెప్పేదంతా నిజమే ఉంటుంది, అదీ బాధ. ఎవరైనా ఒక్కరు లేచి సుందర్ రావు పనిదొంగ అని అంటే ఎంత సుఖంగా ఉండును.

ఎండ. పదహారేళ్ల కింద ఆ రోజూ ఇలాంటి ఎండే. మూల్యాంకనం క్యాంపు, పైన రెండో అంతస్తు, కరెంటు పోయి గంటన్నర, చొక్కాలు విప్పి కుర్చీలకు వేసి బనియన్లతో కూర్చొని పని చేస్తున్నారు అందరూ. పని ఏమిటంటే జవాబు పుస్తకం అట్ట మీద పైభాగం చీటీలాగా ఉంటుంది, దాని మీద పిల్లలు హాల్‌టికెట్ నంబరు రాసుకుంటారు. దిద్దే వాళ్లకు ఎవరి పేపరో తెలియకూడదు కనుక ఆ చీటీ చింపి, చీటీ మీదా పుస్తకం మీదా ఒకటే రహస్య నంబరు మిషనుతో కొట్టాలి, మార్కులు వచ్చాక నంబరుకు నంబరు కలిపి ఎవరి మార్కులు వాళ్లకు వేస్తారు. దాన్నే కోడింగ్ అంటారు. ముందు రెండు చోట్లా నంబరు కొట్టు, తర్వాతే చింపు, ఇదీ రూలు. రూలు గోడ మీద ఉండేది, పని బల్ల మీద ఉండేది. అందరూ చేసేది ముందు కట్టంతా బరబరా చింపేసి, చీటీలు ఎడమవైపు, పుస్తకాలు కుడివైపు వరసగా పేర్చుకొని, ఆ తర్వాత టకటకా టకటకా కొట్టుకుంటూ పోవడం, అలా చేస్తే పూటకు రెండు కట్టలు ఎక్కువ తెగుతాయి. అందరికంటే వేగం సుందర్ రావుదే, సార్లు వచ్చి నిలబడి చూసేవాళ్లు. ఆ సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు, చర్చి నుంచి చాపలు తేవాలి, ఐదింటికల్లా బయటపడాలి. మూడు దాటాక కరెంటు వచ్చింది. నెత్తి మీద ఫ్యానుకు రెగ్యులేటరు చెడిపోయి ఎన్నాళ్లో, వస్తే ఒకేసారి గిర్రున వస్తుంది. చీటీల మీద అరచెయ్యి చరిచి ఆపాడు, ఆపగా కూడా రెండు లేచిపోయి బల్ల కింద పడ్డాయి. వంగి తీశాడు. రెండూ పక్కపక్క నంబర్లే. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు వెనక, కట్ట ఎప్పుడూ వరసలోనే ఉంటుంది కదా, అలాగే పెట్టేశాడు, కొట్టేశాడు. ఆ కాలేజీలో ఇన్విజిలేటరు ఆ రెండు పేపర్లను తిరగేసి కట్టి ఉంటాడని ఎవరు అనుకుంటారు. చీటీ మీద రాత, పుస్తకంలో రాత ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోయేది. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఆయన దేవుడి కూటానికి చాపలు తేవడానికి మిగుల్చుకున్నాడు.

తెలియకపోతే పాపం లేదంటారు. తెలియకుండా ఉంటే బాగుండేది. ఫలితాలు వచ్చిన నాలుగో రోజు కౌంటరు దగ్గరికి ఒక పిల్ల వచ్చింది, వెనకాల వాళ్లమ్మ, పత్తి ఏరీ ఏరీ పగిలిన వేళ్లు, ఆ వేళ్లతో కౌంటరు చెక్కను పట్టుకొని నిలబడింది. పిల్ల ఏడవలేదు, ఏడిస్తే సెక్షన్ వాళ్లకు అలవాటే, ఏడుపుకు ఒక మాట తయారుగా ఉంటుంది. ఆ పిల్ల కెమిస్ట్రీ రెండో పేపరులో తనకు పంతొమ్మిది వచ్చాయని, అన్ని ప్రశ్నలూ రాశానని చెప్పి, ఏ ప్రశ్నకు ఏం రాసిందో వరసగా అప్పజెప్పడం మొదలుపెట్టింది, ఆయనకు ఆ చదువు అర్థం కాదని కూడా చూడకుండా. నంబరు చెప్పమ్మా అన్నాడు. చెప్పింది. చివరి మూడు అంకెలు వినగానే బల్ల కింద వంగి తీసిన చీటీ కళ్ల ముందు కదిలింది. రేపు కనుక్కుంటానని పంపి, అందరూ అన్నానికి పోయినప్పుడు ఈ గదికే వచ్చి చూశాడు. చీటీ మీద అంకెలు గుండ్రంగా, ఏడు మధ్యలో చిన్న అడ్డగీతతో ఉన్నాయి. అదే నంబరున్న పుస్తకంలో రాత కోడి గెలికినట్టుంది, ఏడుకు అడ్డగీత లేదు. పక్క నంబరు పుస్తకం తెరిచాడు, గుండ్రటి రాత, ప్రతి ఏడుకూ అడ్డగీత, అట్ట మీద ఎర్ర సిరాతో డెబ్భై ఒకటి. ఆ డెబ్భై ఒకటి గోపాల్ అనే ఇంకో పిల్లవాడికి పోయింది. ఆ పిల్లవాడికీ తెలియదు పాపం, ఇంత రాయకుండానే ఇన్ని మార్కులు ఎట్లా వచ్చాయా అని ఏ దేవుడికో మొక్కు చెల్లించుకొని ఉంటాడు.

ఆ రోజే పోయి చెప్పి ఉంటే. కంట్రోలర్ కిషన్ రావు సారు కఠినమైన మనిషి, ఆ నెలలోనే జీపులో సంచి మరిచినందుకు ఇద్దరిని ఇంటికి పంపాడు, రూలు తప్పి చింపినందుకు తనను ఊరుకుంటాడా. పిల్లలు చిన్నవాళ్లు, విమలకు అప్పుడే ఆపరేషన్ అయింది, ఇల్లు ఇంకా గోడల దగ్గరే ఉంది. ఇవన్నీ నిజాలే, కానీ భయపడ్డవాడికి నిజాలు కూడా సాకుల్లాగే పనికొస్తాయి. ఆరు నెలల్లో సప్లిమెంటరీ వస్తుంది, తెలివైన పిల్ల, రాసి పాసవుతుంది, ఏం మునిగింది, అనుకున్నాడు. పిల్ల రీకౌంటింగుకు పెట్టుకుంది. రీకౌంటింగ్ అంటే ఆ పుస్తకంలోని మార్కులు మళ్లీ కూడి చూడడమే, పుస్తకం ఎవరిదని చూడడం కాదు. కూడారు, పంతొమ్మిదే వచ్చింది. మార్పు లేదు అని జవాబు టైపు చేసి పంపింది సుందర్ రావే. అక్షరం అక్షరం నిజం. అంతకంటే పచ్చి అబద్ధం ఈ యూనివర్సిటీ పుట్టాక ఏ కాగితం మీదా పడి ఉండదు. తర్వాత మూడేళ్లకు పాత పేపర్లు లారీకి ఎత్తుతుంటే ఆ రెండు పుస్తకాలూ రెండు చీటీలూ తీసి కవరులో పెట్టి బీరువా అడుగున తోశాడు. ఎందుకు దాచాడో ఆయనకే తెలియదు. తప్పు దాచడానికా, తప్పుకు సాక్ష్యం దాచడానికా.

చర్చిలో నెల మొదటి ఆదివారం బల్ల ఇస్తారు, రొట్టె, ద్రాక్షరసం. ఎవడైనా తన్ను తాను పరీక్షించుకొని తీసుకోవాలని పాస్టరు గారు చదువుతారు. ఆ ఏడు నుంచి సుందర్ రావు ఆ సమయానికి బయటికి వచ్చేస్తాడు. చెప్పులు కుక్కలు ఎత్తుకుపోతున్నాయని ఒక ఏడు, బండ్లలో పెట్రోలు తీస్తున్నారని ఒక ఏడు, ద్రాక్షరసానికి షుగరు పెరుగుతుందని ఇప్పుడు. చెప్పుల కాపలా సుందర్ రావు అని సంఘంలో పేరే పడిపోయింది, ఎంత వినయమని పెద్దలు మెచ్చుకుంటారు కూడా. విమల మాత్రం ఒకరోజు అన్నం వడ్డిస్తూ నీకు దేవుడి మీద కోపమా అని అడిగింది. లేదన్నాడు. మరి నీ మీద నీకా అంది. పప్పు బాగుందన్నాడు. ఆమె ఇంకేం అడగలేదు, అడగదు కూడా, ముప్పై మూడేళ్లుగా ఆమె గుణమే అంత, తలుపు తెరిచి పెట్టి పక్కకు నిలబడుతుంది. ఆ తలుపులోంచి పోవడానికి కాళ్లుండాలి కదా.

ఏడేళ్ల కింద ఔట్‌సోర్సింగ్ కింద డేటా ఎంట్రీకి ముగ్గురిని తీసుకునేటప్పుడు లిస్టులో పేరు చూశాడు. కావ్య, తల్లి బక్కమ్మ, తొర్రూరు మండలం. చదువు గడిలో ఇంటర్ అని ఉంది. డిగ్రీ అని లేదు. ఇంటర్ అన్న ఆ ఒక్క మాట ముందు అరగంట కూర్చున్నాడు. అంటే సప్లిమెంటరీ పాసవలేదు. అంటే ఆరు నెలల్లో ఏమీ సర్దుకోలేదు. కాంట్రాక్టరు కాళ్లు పట్టుకున్నంత పని చేసి ఆ పిల్లకు ఉద్యోగం ఇప్పించాడు, తన సెక్షన్లోనే వేయించుకున్నాడు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. నెల తిరక్కుండా బక్కమ్మ సంచి నిండా ఎండు మిరపకాయలు మోసుకొని వచ్చి, నా బిడ్డకు నీడ జూపినవు సారూ అని వంగి కాళ్లు పట్టుకుంది. వెనక్కి జరిగితే గోడ తగిలింది. ఆ మిరపకాయలు ఇంట్లో ఏడాది తిన్నారు. ఆయనకు ఏ పూటా కారం తెలియలేదు.

ఒకరోజు టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు డిగ్రీ ఎందుకు ఆపేశావమ్మా అని అడిగాడు, అడగకుండా ఉండలేక. పిల్ల కాదు అప్పటికే, ముప్పై దాటిన మనిషి, ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమలు తీసి, బట్టల దుకాణంలో చీరలు మడిచి వచ్చిన మనిషి. నవ్వుతూనే చెప్పింది. "సప్లిమెంటరీకి పోయిన సార్. పేపర్ చూస్తె అన్నీ వచ్చినయే. వచ్చినయే అనుకున్న. పోయినసారి గూడ గట్లనే అనుకుంటి గద, పంతొమ్మిదొచ్చె. ఇగ చెయ్యి లేవలే. ఖాళీ పేపరిచ్చి బయటికొచ్చిన." ఆ మాట విన్న రోజు ఆయనకు తెలిసింది తను తీసుకున్నది మార్కులు కాదని. తనకు వచ్చింది తనకు వచ్చునని నమ్మే ధైర్యం ఒకటి ఉంటుంది మనిషికి, పునాదిలో రాయిలాగా, అది తీసేశాడు. అందుకే కావ్య ప్రతి పనికీ కరెక్టేనా సార్ అంటుంది. మెమో టైపు చేసి కరెక్టేనా సార్. కూడిక చేసి, మళ్లీ చేసి, మూడోసారి చేసి, కరెక్టేనా సార్. బీరువా తాళం వేసి మెట్లు దిగి, మళ్లీ పైకి వచ్చి లాగి చూసి పోతుంది. ఏడేళ్లలో ఒక్క తప్పు లేదు ఆమె పనిలో, నీకంటే బాగా ఎవరూ చెయ్యరమ్మా అని ఎన్నిసార్లు చెప్పినా, పెద్దవాళ్లు అలాగే అంటారులే అన్నట్టు నవ్వుతుంది. నిరుడు రెగ్యులర్ పోస్టులకు నోటిఫికేషన్ పడితే డిగ్రీ లేదని తను పెట్టుకోలేదు, సెక్షన్లో మిగతా వాళ్లందరి దరఖాస్తులూ తనే నింపిపెట్టింది, భోజనం మానుకొని. ఆ రోజు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఛీ, ఎన్ని ఆ రోజులు.

ఇవాళ చెబితే? ఐదింటి దాకా ఆయన ఉద్యోగే. విచారణ పెట్టొచ్చు, పింఛను ఆపొచ్చు. రేపు చెబితే ఇంత దెబ్బ తగలకపోవచ్చు, రూల్సు ఆయనకు కంఠతా వచ్చు. కానీ రేపటి సుందర్ రావును ఆయన నమ్మడు. రేపు ఈ కవరు ఇంటికి పోతుంది, ఎల్లుండి బీరువాలో చీరల కిందికి పోతుంది, తర్వాత తనతో పాటు పెట్టెలోకి పోతుంది. ఇన్నేళ్లూ రేపటి మీదే కదా బతికింది. పోనీ ఒక ఉత్తరం రాసి రిజిస్ట్రారుకు పంపితే, పేరు లేకుండా పంపితే, ఎవరో పాత ఉద్యోగి అని రాస్తే, ఆలోచన ఎంత తెలివిగా తోక ముడుస్తుందో చూసి ఆయనకే అసహ్యం వేసింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది.

కావ్య వచ్చింది, చేతిలో చార్జి లిస్టు, కొత్త చీర, సభ కదా. ఆలస్యమైందని, అమ్మను బస్టాండు నుంచి తీసుకొచ్చేసరికి ఈ వేళయిందని చెప్పింది. ఒక్కొక్క వస్తువు పేరు చదివింది, ఆయన చూపించాడు, ఆమె టిక్కు పెట్టింది. రిజిస్టర్లు, సీళ్లు, నంబరింగ్ మిషన్లు నాలుగు, అందులో రెండు పనిచేయవు. ముప్పై ఏడు వస్తువులు. అయిపోయింది. ఇంకేమన్న ఉన్నయా సార్ అని అడిగింది. ఆయన కవరు చాపాడు. లిస్టుల లేదిది అంది. లేదన్నాడు. ఆమె చేతిలో పెట్టాక చెప్పడం మొదలుపెట్టాడు, ఫ్యాను దగ్గర నుంచి, చాపల సంగతితో సహా, ఏదీ మెత్తగా చేయకుండా. గొంతు ఎక్కడా వణకకపోవడం ఆయనకే ఆశ్చర్యం. పదహారేళ్లుగా లోపల అప్పజెప్పుకుంటున్న పాఠం కదా, కంఠస్థం అయిపోయింది.

ఆమె చీటీ చూసింది. తనకు ఇరవయ్యేళ్లప్పుడు రాసిన అంకెలు చూసింది. పుస్తకం తెరిచి, అట్ట వైపు చూడకుండా లోపలి పేజీలు తిప్పింది, ఒకచోట ఆగింది, వేలు పెట్టి చదివింది. "గిది నాలుగు స్టెప్పులు రాసిన. మూడే ఉంటయని బయటికొచ్చినంక అందరన్నరు. నేనే తప్పు రాసిన్నేమో అనుకున్న." ఆ పక్కన ఎర్ర సిరాతో రైటు, ఎనిమిదికి ఎనిమిది. తర్వాత అడిగింది, కళ్లు ఎత్తకుండానే, మొత్తం ఎన్ని అని. డెబ్భై ఒకటి అన్నాడు. ఆమె అట్ట తిప్పి చూసుకోలేదు. పెదవులు మాత్రం కదిలాయి, ఆ అంకె నోట్లో వేసుకొని రుచి చూస్తున్నట్టు.

"ఏడేండ్ల సంది నా ఎదురుంగ కూసున్నరు."

"ఔను."

"ఒక్క పూట గూడ చెప్పబుద్ధి కాలేదా సార్?"

"బుద్ధయింది. ధైర్యం చాలలే బిడ్డా."

"బిడ్డా అనకుండ్రి."

అంత మెల్లగా అంది, కొట్టినా బాగుండేది. ఆయన స్టూలు మీద కూర్చోబోయి కూర్చోలేదు, ఆమె నిలబడి ఉంది కనుక. రిజిస్ట్రారుకు రాతపూర్వకంగా ఇస్తానని, పుస్తకాలు ఉన్నాయి కనుక డిగ్రీ రావడానికి దారి ఉందని, తన మీద ఏ చర్య తీసుకున్నా సరేనని చెప్పాడు. ఆమె విన్నది. విన్నాక కవరును రెండు చేతులతో ఛాతీకి పట్టుకుంది.

"కాయితం రాస్తె బీరువలకు పోతది సార్, ఇన్నేండ్లు పోయినట్టే. కింద అందరు కూసున్నరు గద. మైకుల చెప్పుండ్రి."

మా ఇంటామె ఉన్నది కింద, అన్నాడు, నోటికి వచ్చిన మొదటి మాట అది, అన్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు.

"మా అమ్మ గూడ ఉన్నది. మీకు శాలువ కప్పుతనని తొర్రూరు నుంచి వచ్చింది." తలుపు దాకా పోయి ఆగింది. "ఆ గోపాల్ పేరు మాత్రం చెప్పకుండ్రి. ఆయన తప్పేమున్నది."

హాల్లోకి ఎట్లా దిగి వచ్చాడో తెలియదు, మెట్లు ఇరవై నాలుగు, ఏ రోజూ లెక్కపెట్టకుండా దిగలేదు, ఇవాళ లెక్క తప్పింది. వేదిక మీద మధ్య కుర్చీ. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు, నిజాయితీ అంటున్నారు, పని రాక్షసుడు అంటున్నారు, ఆ మాటలు తన ముందు నుంచి వేరే ఎవరి దగ్గరికో పోతున్నాయి. మొదటి వరసలో విమల, నీలం చీర, సభ కోసం పొద్దున రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్న చీర. ఆమెకు ఇవాళ చాలా సంతోషంగా ఉంది, ఆ సంతోషం ఇంకో పది నిమిషాలే ఉంటుందని ఆమెకు తెలియదు. తెలిశాక ఏమంటుంది? మూడో వరస చివర బక్కమ్మ, ఒళ్లో శాలువ కవరు, జారిపోతుందేమోనని రెండు చేతులా పట్టుకుంది. కావ్య కూర్చోలేదు, తలుపు దగ్గర నిలబడింది. వెళ్లిపోతుందేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాడు, అది ఎంత నీచమైన ఆశో ఆ క్షణంలోనే తెలిసింది. ఆమె ఎక్కడికీ పోలేదు. మహిపాల్ మైకులో ఆయన పేరు పిలిచాడు.

లేచాడు. మైకు ఎత్తు సరిచేయబోతే కీచుమంది, అందరూ నవ్వారు, ప్రేమగానే. రాసుకున్న కాగితం జేబులో ఉంది, కృతజ్ఞతలు, పేర్లు, ఒక బైబిలు వాక్యం. అది తీయలేదు. సాక్ష్యం చెప్పేటప్పుడు చర్చిలో నాలుక ఎంత సులువుగా ఆడుతుంది, ప్రభువు చేసిన మేలులు చెప్పడమే కదా. ఇప్పుడు చెప్పాల్సింది తను చేసిన కీడు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి, ఫ్యాను నుంచా, రూలు నుంచా, భయం నుంచా. తన దగ్గర నుంచి మొదలుపెడితే మళ్లీ ఇదంతా తన కథే అయిపోతుంది. తలుపు వైపు చూశాడు.

"ఆ నిలబడ్డ కావ్య మీ అందరికి తెలుసు. పదహారేండ్ల కింద డిగ్రీ ఫైనలియర్ల, కెమిస్ట్రీ రెండో పేపర్ల ఆమెకు డెబ్బై ఒక్క మార్కులొచ్చినై."

ముందు మహిపాల్ చప్పట్లు కొట్టాడు, పెద్దాయన పోతూ పోతూ కూడా కింద పనిచేసేవాళ్లను మెచ్చుకుంటున్నాడని. ఆ వెంట హాలంతా కొట్టింది. తలలు తిప్పి కావ్య వైపు చూసి మరీ కొట్టారు. బక్కమ్మకు ఏం అర్థమైందో, తన బిడ్డ పేరు మైకులో వచ్చిందన్నది ఒక్కటి అర్థమైంది, శాలువ కవరు పక్క కుర్చీలో పెట్టేసి, ఆ పగిలిన చేతులు రెండూ తలకంటే పైకెత్తి కొట్టింది. కావ్య కదలలేదు, ఏడవలేదు, తల్లి చేతుల వైపు చూస్తూ నిలబడింది. ఆ చప్పట్లు ఆమెకు ఎప్పుడో రావలసినవే, ఆపడానికి తనెవరు. అందరివీ ఆగాయి, బక్కమ్మవి ఇంకా ఆగలేదు. ఆమె చేతులు ఒళ్లోకి దిగేదాకా చూశాడు.

"ఆ మార్కులు ఆమెకు పోనియ్యంది నేనే," అన్నాడు.